పెరటిచెట్టు పొరుగింట పూసింది

జూన్ నెల వచ్చిందంటే మా కాలేజీ ఆఫీసు కిటికీ ముందు టి. సి. ల కోసం కుర్రవాళ్లు బారులు తీరుతారు. బాకీలు లేవని సంతకం పెట్టేటప్పుడు మాబోటి పంతుళ్లు ఒక చురక వెయ్యకుండా వుండలేరు. "ఇక్కడ లేనిది అక్కడేమున్నదోయ్?" అంటారు. కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయిని నేనూ అలాగే అన్నాను. మా కాలేజీ నాటకాలలో వాడు రెండేళ్లు తెర వెనుక ప్రాంప్టరు. అందరి సంభాషణలూ వాడికి కంఠతా వచ్చు. వేషం మాత్రం యెన్నడూ దక్కలేదు. వేషాలు పంచేవాణ్ని నేనే. వాడు నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. చిన్నగా నవ్వి, కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు.

అమెరికాలో జో బరో అనే ఆటగాడి కథ తెలిసినప్పుడు నాకు ఆ నవ్వు గుర్తుకు వచ్చింది.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. అమెరికావారు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. పేరుకే కాలిబంతి, పని అంతా చేతులతోనే. బంతి కోడిగుడ్డు ఆకారంలో వుంటుంది. పక్షానికి పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి అవతలివారి పాలు. చివరి గీత దాటించడమే టచ్‌డౌన్. ఈ దండులో క్వార్టర్‌బాక్ అనే అతను బొమ్మలాటలో సూత్రధారి వంటివాడు. ప్రతి యెత్తూ అతని చేతిలో మొదలవుతుంది. ఎవరికి విసరాలో, ఎవరి చేతిలో పెట్టాలో మూడు నాలుగు క్షణాల్లో తేల్చుకోవాలి. ఆ లోపల నిలువెత్తు మనుషులు తనను కూల్చడానికి మీదికి వస్తూనే వుంటారు. చిక్కేమిటంటే ఆ స్థానం ఒక్కటే. రెండోవాడు యెంత సమర్థుడైనా బెంచీ మీద కూర్చోవలసిందే.

జో బరో ఒహాయో రాష్ట్రంలోని యేథెన్స్ ప్రాంతంలో పెరిగాడు. అది పేద ప్రాంతం. తండ్రి ఆ వూరి విశ్వవిద్యాలయంలోనే ఫుట్‌బాల్ శిక్షకుడు. 2014లో హైస్కూలు ఆటగాళ్లలో ఆ రాష్ట్రమంతటికీ మేటి అనిపించుకొని, సొంత రాష్ట్రపు పెద్ద విశ్వవిద్యాలయం ఒహాయో స్టేట్‌లో చేరాడు. అక్కడ మూడేళ్లు కాచుకున్నాడు. తనకంటే ముందున్నవాడు సీనియరు. 2017లో అతని తరువాతి స్థానమైనా దక్కుతుందనుకొనే వేళకు చెయ్యి విరిగింది. తనకంటే చిన్నవాడు ముందుకు పోయాడు. మూడేళ్లకూ కలిపి బరో విసిరిన బంతులు 39. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న సామెత మన దేశానికే పరిమితం కాదు కాబోలు!

అయితే ఆ కుర్రవాడు ఒక తెలివైన పని చేశాడు. బెంచీ మీద కూర్చున్న మూడేళ్లలోనే పట్టా పుచ్చుకున్నాడు. ఆ రోజుల్లో చదువు మధ్యలో కాలేజీ మారిన ఫుట్‌బాల్ ఆటగాడు సాధారణంగా ఒక యేడాది ఆడకుండా కూర్చోవాలి. పట్టభద్రుడికి మాత్రం ఆ శిక్ష లేదు. 2018 మే నెలలో అతను దక్షిణాన, మిసిసిపీ నది వొడ్డునున్న బేటన్ రూజ్ పట్టణానికి, లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి మారాడు. చేతిలో వున్నవి రెండేళ్లు.

అక్కడివారికి ఆట అంటే ప్రాణం. వారి మైదానంలో లక్షమందికి పైగా కూర్చుంటారు. అటువంటి చోట, యెక్కడో కూర్చోబెట్టి వుంచినవాణ్ని తెచ్చి సూత్రధారిని చేస్తే పెదవి విరిచేవారు వుండరా? మొదటి యేడు పది ఆటలు గెలిచి మూడు వోడారు. చిరకాల ప్రత్యర్థి అలబామా వచ్చి వీరి సొంత మైదానంలోనే 29-0తో చిత్తు చేసి పోయింది. కోడలు వచ్చిన యేడు ఇల్లు ఫరవాలేదు, వెలిగిపోలేదు.

2019లో రెండు మార్పులు జరిగాయి. ముప్పై యేళ్లు నిండని జో బ్రేడీ అనే శిక్షకుడు వృత్తి జట్టు నుంచి వచ్చాడు. ఆటగాళ్లను మైదానం వెడల్పునా పరచి, బంతిని వేగంగా విసిరే పద్ధతి పెట్టారు. బరో వెనుక అప్పటికి ఒక యేడాది అనుభవం వున్నది. జామార్ చేస్, జస్టిన్ జెఫర్సన్ వంటి చురుకైన కుర్రవాళ్లు బంతి అందుకొనేందుకు వున్నారు. ఇక చూడండి: పదిహేను ఆటలు, పదిహేను గెలుపులు! వరుసగా యెనిమిదిసార్లు తమను వోడించిన అలబామాను, వారి గడ్డ మీదే 46-41తో గెలిచారు. ఓక్లహామా మీద మొదటి సగంలోనే బరో యేడు టచ్‌డౌన్లు విసిరాడు. 2020 జనవరి 13న న్యూ ఆర్లియన్స్‌లో క్లెమ్సన్‌ను 42-25తో వోడించి జాతీయ విజేతలయ్యారు. ఆ యేడాది బరో విసిరిన టచ్‌డౌన్లు 60. అప్పటికి అది రికార్డు. ప్రత్యర్థుల చేతికి చిక్కినవి ఆరే. ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ బహుమతి ఆ విశ్వవిద్యాలయానికి 1959 తరువాత మళ్లీ అరవై యేళ్లకు దక్కింది. కొడుకు ఆట చూడడం కోసం తండ్రి 2018 తరువాత తన వుద్యోగమే మానుకున్నాడు.

తెలుగు పంతులుగా నాకు నచ్చిన ముచ్చట మరొకటి వున్నది. లూసియానా పూర్వం ఫ్రెంచివారి వలసభూమి. అక్కడ "ఓ" శబ్దంతో ముగిసే ఇంటిపేర్లకు ఫ్రెంచి పద్ధతిలో బారెడు అక్షరాలు తగిలిస్తారు. సొంత మైదానంలో తన చివరి ఆటకు బరో, తన పేరును ఆ వర్ణక్రమంలో రాయించుకున్న చొక్కా తొడుక్కొని వచ్చాడు. పలకడం అదే, రాయడం వేరు. దత్తత వచ్చినవాడు గోత్రం మార్చుకున్నట్లు! జనం పొంగిపోయారంటే ఆశ్చర్యమేమున్నది?

అయితే పుట్టింటినీ మరవలేదు. హైస్మన్ బహుమతి అందుకొంటూ, తమ యేథెన్స్ ప్రాంతంలో ఇంటికి వెళితే సరిగా తిండి దొరకని పిల్లలు వున్నారని చెప్పి కంట తడి పెట్టుకున్నాడు. ఆ మాట విన్న జనం అక్కడి అన్నదాన సంస్థకు అయిదు లక్షల డాలర్లకు పైగా పంపించారు. తనను కూర్చోబెట్టిన ఒహాయో స్టేట్‌కు కూడా ఆ వేదిక మీదే కృతజ్ఞత చెప్పాడు.

ఇంతటితో ఆపితే కథ పురాణమై పోతుంది. ఒక్క మనిషి వల్ల యెంత వచ్చిందో చూశాం, నిలిచింది యెంత? ఆ దండులో 14 మంది 2020లో వృత్తి జట్లకు యెంపికయ్యారు. అందరికంటే ముందు పిలుపు బరోకే వచ్చింది. బ్రేడీ కూడా వెళ్లిపోయాడు. మరుసటి యేడు ఆ విశ్వవిద్యాలయం అయిదు గెలిచి అయిదు వోడింది. 2021లో ఆరు గెలిచి యేడు వోడింది. జాతీయ విజేతలను చేసిన ప్రధాన శిక్షకుడు ఎడ్ ఆర్జెరాన్, రెండేళ్లు తిరగకముందే తప్పుకోవలసి వచ్చింది. వాన వెలిశాక చెరువులో నీరు నిలవాలంటే గట్టు గట్టిగా వుండాలి గదా!

ఇప్పుడు నిబంధనలు సడలాయి. 2021 నుంచి చదువు మధ్యలో మారినవాడూ వెంటనే ఆడవచ్చు. ఆటగాళ్లు తమ పేరు ప్రతిష్ఠల మీద డబ్బూ గడించవచ్చు. ఏటా వేలమంది కాలేజీలు మారుతున్నారు. అంతా అంగడి అయిపోయిందని పెద్దలు వాపోతున్నారు. ఆ బాధలో నిజం లేకపోలేదు. కాని శిక్షకులు యెక్కువ జీతానికి చోటు మారితే ఉన్నతి అంటాం. కుర్రవాడు మారితే నిలకడలేనితనం అంటాం. ఇదెక్కడి న్యాయం?

మా ప్రాంప్టరు సంగతి చెప్పలేదు. మరుసటి యేడు అంతర్ కళాశాలల పోటీలకు నేను మా దండును వెంటబెట్టుకొని వెళ్లాను. ఎదుటి కాలేజీ నాటకంలో ప్రధాన పాత్ర వాడిదే. గంటసేపు ఒక్క మాట తడబడలేదు. బహుమతి వారికే వచ్చింది. దిగి వచ్చి నా కాళ్లకు దణ్ణం పెట్టి, "మీ దగ్గర రెండేళ్లు విన్నాను గదండీ మాస్టారూ!" అన్నాడు. పొగడ్తో, చురకో నాకు యీనాటికీ తెలియదు.

అప్పటినుంచీ జూన్‌లో సంతకానికి వచ్చే పిల్లలను "అక్కడేమున్నదోయ్?" అని అడగడం మానేశాను. "ఇక్కడ నీకేమి దొరకలేదు?" అని అడుగుతున్నాను. కొందరు చెపుతున్నారు. అలా చెప్పినవారిలో ఇద్దరు కాగితం వెనక్కి తీసుకొని మా కాలేజీలోనే వుండిపోయారు.