ఒకే నాచు, రెండు రూపాలు

కెల్ప్ అనేది చల్లని సముద్రాలలో రాళ్లను పట్టుకొని పెరిగే గోధుమరంగు నాచు. పోషకాలు పీల్చే వేళ్లు దీనికి లేవు. ఆకుల వంటి పొడవాటి పట్టీలతోనే నీటినుండి పోషకాలు తీసుకుంటుంది. అందుచేత నీటినిబట్టే దాని పెరుగుదల.

అమెరికా పశ్చిమ తీరపు బుల్ కెల్ప్‌నే చూడండి. ఉరవడి ఎక్కువైన చోట పట్టీలు సన్నగా, చదునుగా ఉంటాయి. నీరు నెమ్మదించిన చోట వెడల్పుగా, అంచులు కుచ్చిళ్లు పోసినట్లుంటాయి. ఇవి రెండు జాతులా? కావు. నెమ్మది నీటిలోని కెల్ప్‌ను ఉరవడిలోకి మార్చి చూడగా, కొత్తగా పెరిగిన భాగం చదునుగా వచ్చిందని 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పట్టీకి బరువు కట్టినా అదే ఫలితం. అంటే రూపాన్ని నిర్ణయించేది నీటి లాగుడు. లాగుడు తగ్గితే అంచు నడిమి భాగంకంటే వేగంగా పెరిగి ముడతలు పడుతుంది.

రెండింటికీ లాభనష్టాలున్నాయి. ముడతల పట్టీలు విడివిడిగా ఊగి వెలుతురు బాగా అందుకుంటాయి. కాని ఉరవడికి తెగే ప్రమాదం ఎక్కువ. చదును పట్టీలు ఉరవడికి తట్టుకుంటాయి. కాని ఒకదాని నీడలో మరొకటి పడుతుంది.

అయితే ఈ సర్దుబాటు అన్నిటికీ చాలదు. 2014-16 మధ్య సముద్రం వేడెక్కి పోషకాలు తగ్గాయి. నక్షత్రచేపలు చనిపోగా, కెల్ప్‌ను తినే సీ అర్చిన్లనే ముళ్లజీవులు పెరిగిపోయాయి. ఉత్తర కాలిఫోర్నియాలో 90 శాతానికి పైగా బుల్ కెల్ప్ పోయింది. ఉరవడికి రూపం మార్చుకొన్న నాచు, ఈ వేడిమికి నిలువలేకపోయింది.