రాజు పోయినా పేరెలా మిగిలింది?

పిల్లలూ! గోరంట్ల నుంచి పెనుకొండకు వెళ్ళినప్పుడు అక్కడి కోటను చూసే ఉంటారు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు పెనుకొండే రాజధాని అయింది. ఆ రాజులలో ఒకరి పేరు చెప్పమంటే మీరు ఠక్కున "కృష్ణదేవరాయలు" అంటారు. ఆయన పాలించింది 1509 నుంచి 1529 వరకు, అంటే 20 ఏళ్ళే! ఆయన పోయి దాదాపు 500 ఏళ్ళవుతోంది. అయినా ఆ పేరు మనకెలా తెలిసింది?

ఇంతకంటె చాలా పాత రాజు ఒకడున్నాడు. అతని సంగతి తెలుసుకుంటే దీనికి జవాబు దొరుకుతుంది.

ఇప్పటి ఇరాక్ దేశంలో, సుమారు 4,300 ఏళ్ళ క్రితం, సార్గోన్ అనే రాజు ఉండేవాడు. అతని రాజధాని అక్కద్ నగరం. ఆ నగరం ఎక్కడుండేదో ఇప్పటికీ కనుక్కోలేకపోయారు. ఊరు పోయింది గాని పేరు పోలేదు! ఎందుచేత?

ఆ కాలంలో అక్కడ పచ్చి మట్టి పలకలమీద రెల్లుపుల్లతో రాసేవారు. సార్గోన్ విగ్రహాలమీద చెక్కిన రాతలను లేఖకులు కొన్ని వందల ఏళ్ళ తర్వాత చూసి, పలకలమీద ఎక్కించుకున్నారు. విగ్రహాలు పోయాయి, నకళ్ళు మిగిలాయి. సార్గోన్ కథ రాసిన పలక ఒకటి ఈజిప్టులో కూడా దొరికింది. సుమారు 1,600 ఏళ్ళ తర్వాత అసీరియా రాజు ఒకడు ఆ పేరే పెట్టుకున్నాడు.

మరో కథ కూడా ఉంది. పసిబిడ్డ సార్గోన్‌ను తల్లి బుట్టలో పెట్టి నదిలో వదిలిందట. నీళ్ళు తోడే మనిషి అతణ్ణి తీసి పెంచాడట. కర్ణుడి కథ గుర్తుకు వస్తోంది కదూ! కాని ఈ కథ ఉన్న పలకలు సార్గోన్ పోయిన ఎన్నో వందల ఏళ్ళ తర్వాతివి. అందుకే చరిత్రకారులు దీన్ని జరిగిన సంగతిగా లెక్కించరు.

ఇక మన రాయల దగ్గరికి వద్దాం. తిరుమల గుడిలో ఆయన విగ్రహం, ఇద్దరు రాణుల విగ్రహాలు పేర్లతో సహా ఉన్నాయి. ఆయన ఇచ్చిన కానుకల శాసనాలూ ఉన్నాయి. పోర్చుగీసు యాత్రికుడు పేస్ ఆయన్ను కళ్ళారా చూసి రాశాడు. ఇవి సాక్ష్యాలు. మరి తెనాలి రామకృష్ణుడి కథలో? ఆ కవి రాయల తర్వాతి కాలంవాడని పలువురు పండితుల అభిప్రాయం. కథ పేరును బతికిస్తుంది. నిజాన్ని నిలబెట్టేది మాత్రం శాసనమే.

శాసనాన్ని ఇప్పటికీ నకలు తీస్తారు. రాతిని శుభ్రంగా కడిగి, తడి కాగితం పరిచి, కుంచెతో కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే గుంటలు తెల్లగా, మిగతాది నల్లగా వస్తుంది.

రాయి అరిగిపోతే నకలు తీయడానికి ఏమీ ఉండదు. కాబట్టి మీ ఊరి గుడి దగ్గరో, చేలోనో అక్షరాలున్న బండ కనిపిస్తే దాన్ని గీకకండి, సున్నం పూయనివ్వకండి. మీ మాస్టారికి చూపించండి. ఎవరికీ తెలియని పేరొకటి అందులో ఉందేమో!