తెర మీది వెలుగు కాగితం మీద ఎందుకు తగ్గుతుంది

తెర మీద కళకళలాడిన బొమ్మ ప్రింటు తీయగానే నల్లబడిపోవడం డిజిటల్ చిత్రకారుల్లో చాలామందికి ఎదురయ్యేదే. నింద మామూలుగా ప్రింటరు మీదో, ల్యాబు మీదో పడుతుంది. నిజానికి చాలాసార్లు ప్రింటులో లోపమేమీ ఉండదు. బొమ్మ గీసిన తెరే అవసరానికి మించి వెలుగుతూ ఉంటుంది.

తెర స్వయంగా కాంతినిస్తుంది. కాగితానికి సొంత వెలుగు లేదు. మీద పడిన కాంతిలో కొంత తిప్పి పంపడమే దానికి చేతనైన పని. ఈ తేడాను అంకెల్లో పెడితే సంగతి తేటపడుతుంది. తెర వెలుగును నిట్లలో, అంటే చదరపు మీటరుకు ఇన్ని క్యాండెలాలని కొలుస్తారు. ఆఫీసుల్లో, ఇళ్లలో వాడే మానిటర్లలో చాలావాటి గరిష్ఠ వెలుగు 250 నుంచి 350 నిట్ల దాకా ఉంటుంది. ఖరీదైన ఫోన్లయితే ఎండలో 1000 దాటేస్తాయి. ఇక కాగితం లెక్క: దాని మీద పడే వెలుతురును లక్స్‌లలో తీసుకుని, కాగితం తిప్పి పంపే వాటాతో గుణించి, 3.14తో భాగించాలి. 90 శాతం కాంతిని తిప్పి పంపే మంచి తెల్ల కాగితం 500 లక్స్‌ల వెలుతురులో సుమారు 143 నిట్లు చూపుతుంది. అదే కాగితం రాత్రిపూట 100 లక్స్‌ల హాల్లో 29 నిట్ల దగ్గరే ఆగిపోతుంది. పక్కన 300 నిట్ల తెర ఉంటే ప్రింటు మసకగా కనిపించక ఏం చేస్తుంది?

కంటి తీరు కూడా ఇక్కడ మోసం చేస్తుంది. కన్ను ఎదుట ఉన్న వెలుగుకు ఇట్టే అలవాటు పడి, ఆ వెలుగునే ప్రమాణంగా తీసుకుంటుంది. లైట్లార్పేసిన గదిలో, బ్రైట్‌నెస్ నిండా పెంచిన తెర మీద బొమ్మ గీసేవారికి నీడల్లోని వివరాలన్నీ చక్కగా కనిపిస్తాయి. అందుకే తెలియకుండానే బొమ్మను ముదురుగా గీస్తారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల నల్లటి ఇంటర్‌ఫేస్ దీనికి తోడవుతుంది. చుట్టూ నలుపుంటే మధ్యలోని బొమ్మ ఉన్నదానికంటే వెలుగుగా తోస్తుంది. ప్రింటు చుట్టూ ఉండేదేమో తెల్ల అంచు.

కాబట్టి మొదట దించాల్సింది తెర బ్రైట్‌నెస్‌ను. ప్రింటు పనికి 80 నుంచి 120 నిట్ల మధ్య ఉంచడం వాడుక. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం కూడా 80 నిట్ల తెరనే నమూనాగా తీసుకుంది. కచ్చితంగా కొలవాలంటే తెరకు ఆనించే క్యాలిబ్రేటర్ పరికరం కావాలి. వరుసగా ప్రింట్లు వేయించేవారికి ఆ ఖర్చు దండగ కాదు. ఏడాదికొక ప్రింటు వేయించేవారికి అక్కర్లేదు. పరికరం లేకుండా చేసే పద్ధతి ఇది: మామూలు వెలుతురున్న గదిలో ఖాళీ తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని, తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, రెండు తెలుపులూ ఇంచుమించు ఒకేలా కనబడేదాకా బ్రైట్‌నెస్ తగ్గించాలి. అంతకుముందే ఆటో బ్రైట్‌నెస్, నైట్ మోడ్, రంగులను రెచ్చగొట్టే వివిడ్ మోడ్ ఆపేయాలి. మొదటి రోజు తెర చచ్చుబడినట్టు అనిపిస్తుంది. త్వరలోనే కన్ను సర్దుకుంటుంది.

బ్రైట్‌నెస్ సరిచేసినా తీరని చిక్కు నలుపుది. రాత్రి వేళ చెరువు గట్టు మీద కూర్చున్న స్త్రీ బొమ్మ ఉందనుకుందాం. జడ విలువ 255కు 15, వెనక ఆకాశం విలువ 30. తెర మీద ఆకాశం జడకంటే రెండున్నర రెట్లకు పైగా వెలుగుతుంది కనుక జడ పాయలు విడివిడిగా తెలుస్తాయి. కాంతి లెక్కలో చూస్తే మాత్రం జడ తెల్లదనంలో 0.5 శాతం, ఆకాశం 1.3 శాతం. మ్యాట్ కాగితం మీద చిక్కటి నలుపు వేసినా అది సాధారణంగా సుమారు 2 శాతం కాంతిని తిప్పి పంపుతుంది. అంటే జడా, ఆకాశమూ రెండూ కాగితం చూపగల నలుపుకన్నా కిందే ఉన్నాయి. ప్రింటులో రెండూ కలిసి ఒకే మచ్చ అవుతాయి. గ్లాసీ కాగితం నలుపు ఇంకా లోతుగా ఉంటుంది గనుక అక్కడ కొంత మేలు.

రంగులకూ హద్దుంది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను కలిపి రంగు పుట్టిస్తుంది. సిరాలు తెల్ల కాంతిలోంచి కొంత మింగేసి మిగిలినది చూపిస్తాయి. నియాన్ పచ్చ, మెరిసే నీలం వంటివి సిరాలకు అందవు. తెర మీది స్వచ్ఛమైన నీలం మామూలు నాలుగు రంగుల ముద్రణలో ఊదావైపు జారుతుంది. వాటిని ఎంత సవరించినా తెర మీది జిగేలు రాదు.

ఏది పోతుందో ముందే చూపేది సాఫ్ట్ ప్రూఫింగ్. ప్రింటరు, సిరా, కాగితం మూడూ కలిసి ఏ రంగును ఎలా చూపుతాయో నమోదు చేసిన చిన్న ఫైలును ఐసీసీ ప్రొఫైల్ అంటారు. ల్యాబు దగ్గరో, కాగితం కంపెనీ సైటులోనో దొరికే ఆ ప్రొఫైల్‌ను ఫొటోషాప్‌లో గానీ, ఉచితంగా వచ్చే క్రితాలో గానీ ఎక్కిస్తే బొమ్మ ప్రింటులో ఎలా ఉంటుందో తెరమీదే కనబడుతుంది. కాగితం తెలుపును అనుకరించే ఎంపిక నొక్కగానే బొమ్మ వెలిసిపోతుంది. బెంగపడనక్కర్లేదు, అదే నిజానికి దగ్గర.

సవరణకు బ్రైట్‌నెస్ స్లయిడర్ మంచిది కాదు. కాగితం తెలుపును మించిన తెలుపు ప్రింటులో ఎలాగూ రాదు. కర్వ్స్‌లో తెలుపును కదపకుండా మధ్యస్థాయి రంగులను, నీడలను కొంచెం పైకెత్తాలి. జడ, ఆకాశం వంటి చోట రెంటినీ ఎత్తడంతో పాటు మధ్య దూరం కూడా పెంచాలి. మూల ఫైలును ముట్టుకోకుండా ప్రింటు కోసం వేరే కాపీ ఉంచుకోవడం మంచిది. ఎంత ఎత్తాలన్నది ఊహతో తేలదు. బొమ్మలో ముఖ్యమైన ముక్కను మూడు నాలుగు స్థాయిల్లో సవరించి, అన్నింటినీ ఒకే ఎ4 కాగితం మీద వేయించి చూడాలి. పెద్ద ప్రింటు పాడుచేసుకోవడం కన్నా ఇది ఎంతో చవక.

ఆ ముక్కలను ట్యూబ్‌లైటు కింద ల్యాబు కౌంటరు మీదే చూసి తేల్చేయకూడదు. ప్రింట్లను పరిశీలించే వెలుతురుకు ఐఎస్‌ఓ 3664 ప్రమాణం ఉంది. మామూలు పరిశీలనకు 500, నిశిత పోలికకు 2000 లక్స్‌లు అంటుందది. ఇంటి గోడకు ఆ సదుపాయం ఉండదు. పైగా మామూలు ఫ్రేము అద్దం తన రెండు ముఖాలతో 8 శాతం దాకా కాంతిని బయటికే తిప్పేస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటయితే ఆరనిచ్చి మర్నాడు, వేలాడదీసే గోడ దగ్గరే చూడటం మేలు. ఆ గోడ చీకటిదైతే ఫైలును తెల్లబరిచే బదులు బొమ్మ మీదికి ఒక దీపం తిప్పడమే సరైన మందు.

పెళ్లి ఆల్బమ్‌లు వేసే ల్యాబుల్లో సాధారణంగా ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ అడుగుతారు. అడోబ్ ఆర్‌జీబీ ఫైలు ఇస్తే, ప్రొఫైల్ చూడని యంత్రం దాన్ని వెలవెలబోయినట్టు ముద్రిస్తుంది. కొన్ని యంత్రాలు తమంతట తాము రంగులు దిద్దేస్తాయి కూడా. అందువల్ల ఆటో కరెక్షన్ వద్దని ముందే చెప్పండి. ఫైలుతో పాటు, నచ్చిన పరీక్ష ముక్కను కూడా ఆపరేటరు చేతికివ్వండి.