స్లాబు పడకముందే తేలాల్సిన లెక్క

ఇల్లు కట్టించినవాళ్లకు ఈ సంగతి అనుభవమే. స్లాబు పోసిన నెలకు 'ఇక్కడో బాత్‌రూమ్ ఉంటే బాగుండు' అనిపిస్తుంది. అప్పుడు కాంక్రీటు పగలగొట్టి, కంత పెట్టి, పైపు దించి, దాని చుట్టూ చెమ్మ దిగకుండా మళ్లీ పూడ్చాలి. అదే మాట సెంట్రింగ్ కొట్టేముందు చెప్పి ఉంటే మేస్త్రీ అక్కడ స్లాబు కాస్త దించి, పైపుకు చోటు వదిలేవాడు. ఖర్చు నామమాత్రం. పెద్ద కట్టడాలను త్వరగా, చౌకగా ముగించే విద్యకు కూడా మూలం ఇదే: ఏ నిర్ణయం ఎప్పటిలోగా తేలాలో ముందే తెలుసుకోవడం.

మామూలు పద్ధతిలో డ్రాయింగులన్నీ పూర్తయ్యాకే పునాది తవ్వుతారు. ఫాస్ట్‌ట్రాక్ పద్ధతిలో పై అంతస్తుల గీతలు ఇంకా సాగుతుండగానే కింద పని మొదలవుతుంది. అప్పు మీద వడ్డీ, క్రేన్ల అద్దె, సైటు సిబ్బంది జీతాలు పని నడిచినా ఆగినా రోజులెక్కన పెరిగేవే. రోజులు తగ్గితే అవీ తగ్గుతాయి. కానీ ఒక షరతు ఉంది. ఇవాళ పోసే కాంక్రీటు, రేపు తేలబోయే లెక్క మీద ఆధారపడి ఉండకూడదు.

ఆ షరతు పాటిస్తే ఏమవుతుందో న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం చూపింది. 1930 మార్చి 17న నిర్మాణం మొదలై, 410 రోజుల్లో 102 అంతస్తులు లేచాయి. 1931 మే 1న తలుపులు తెరిచారు. ఉక్కు చట్రం వారానికి సగటున నాలుగున్నర అంతస్తులు పెరిగింది. ఏ దూలం ఎక్కడ బిగించాలో దాని మీదే గుర్తు వేసి పంపేవారు. దాదాపు కోటి ఇటుకలను వీధిలో పేర్చి తట్టలతో మోయించలేదు. లారీలు వాటిని నేరుగా బేస్‌మెంట్‌లోని తొట్టిలోకి జారవిడిచేవి. అక్కడినుంచి బళ్లలో నింపి పైకి లేపి, ప్రతి అంతస్తులో వేసిన చిన్న పట్టాల మీద తాపీవాళ్ల దగ్గరికి తోసేవారు. ఎవరినీ పరుగెత్తించకుండానే, ఎదురుచూపులు తగ్గించి సాధించిన వేగమిది.

సిడ్నీ ఒపేరా హౌస్‌లో కథ తిరగబడింది. ప్రభుత్వం తొందరపెట్టడంతో 1959 మార్చిలో పని మొదలుపెట్టారు. అప్పటికి గవ్వల్లాంటి ఆ పైకప్పును ఎలా నిలబెట్టాలో ఎవరికీ తెలియదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు కింది వేదిక లేచింది. తర్వాత కప్పు బరువు తేలాక, కట్టిన స్తంభాలు దాన్ని మోయలేవని తెలిసి మళ్లీ కట్టాల్సివచ్చింది. 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల అంచనా 10 కోట్ల 20 లక్షలకు చేరింది. 1963లో ముగియాల్సింది 1973లో ప్రారంభమైంది. ఆలస్యానికి వేరే కారణాలూ ఉన్నా, ఆ స్తంభాల ఖర్చు మాత్రం తొందర తెచ్చిపెట్టిందే.

ఎంపైర్ స్టేట్ ఆదాలో ఆర్థిక మాంద్యం వల్ల తగ్గిన కూలి, సామాను ధరల వాటా కూడా ఉంది కదా అనవచ్చు. నిజమే. మాంద్యంలో అద్దెకు వచ్చేవాళ్లు లేక ఆ భవనం ఏళ్లతరబడి చాలావరకు ఖాళీగా ఉండిపోయింది కూడా. వేగం కట్టుబడి ఖర్చు తగ్గించగలదు గానీ అద్దెదారులను తేలేదు. తొందరలో నాణ్యత, ప్రాణాలు పోవా అన్నది ఇంకా బరువైన ప్రశ్న. అధికారిక లెక్క ప్రకారమే అక్కడ అయిదుగురు కార్మికులు చనిపోయారు. అందుకే ఎక్కడ తగ్గించకూడదో కూడా ముందే రాసుకోవాలి. మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు తడపాలని, ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబు కింద పోట్లు 14 రోజులు ఉంచాలని మన భారతీయ ప్రమాణం చెబుతోంది. ఆ రోజులు సిమెంటువి, మనం కోసుకునేవి కావు. కోయగలిగింది వాటి మధ్య వృథాగా పోయే రోజులనే: ఇసుక రాక ఆగిన రోజు, డ్రాయింగు అందక కూర్చున్న రోజు, యజమాని మనసు మార్చుకున్న రోజు.

కాబట్టి కాంట్రాక్టర్‌ను 'ఎప్పటికి ముగిస్తారు' అని అడిగేముందు, యజమాని తన నిర్ణయాలకు తానే తేదీలు వేసుకోవాలి. టైల్స్ రంగు చివరిదాకా ఆగుతుంది. లిఫ్ట్ గుంత పునాదితోనే తేలాలి.