చెరువును కాపాడడమూ ఆరాధనే

గృహస్థుడు ఆచరించవలసిన పుణ్యకర్మలను మన పూర్వులు రెండు విధాలుగా చెప్పారు. ఒకటి ఇష్టం, రెండవది పూర్తం. యజ్ఞయాగాదులు, అగ్నిహోత్రం వంటివి ఇష్టం. బావులు తవ్వించడం, చెరువులు కట్టించడం, తోటలు పెంచడం, అన్నదానం చేయడం పూర్తం. వేదం ఈ రెంటినీ కలిపి 'ఇష్టాపూర్తం' అని ఒకే మాటగా పలికింది. యజ్ఞాదులకు అధికార నియమాలు ఉన్నాయి. పూర్త ధర్మానికి మాత్రం అందరూ అర్హులేనని స్మృతికారులు తేల్చి చెప్పారు. మంత్రం రానివాడు కూడా గట్టున ఒక మొక్క నాటి, దానిని బ్రతికించి పుణ్యం పొందవచ్చు.

కాలక్రమంలో మనం ఈ ఒక్క మాటను రెండుగా చీల్చుకున్నాం. ఇష్టాన్ని ఆలయానికి అప్పగించాం, పూర్తాన్ని ప్రభుత్వానికి వదిలివేశాం. దేవునికి పువ్వు సమర్పించే చేయి, ఆ పువ్వు పూచిన గట్టు ఏమైపోతున్నదో విచారించడం మానివేసింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల భక్తులు ఆలోచించవలసిన విషయం ఇదే.

మన నేల చెప్పే సాక్ష్యం

కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్ళే దారిలో గంగాధర మండలం ఉంది. అక్కడి కురిక్యాల గ్రామ సమీపాన బొమ్మలమ్మ గుట్ట మీద పదవ శతాబ్దపు శాసనం ఒకటి ఉన్నది. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో ఉన్న ఆ శాసనాన్ని వేయించినవాడు పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు. తెలుగు కంద పద్యాలు తొలిసారిగా కనిపించేది అందులోనే కనుక సాహిత్యకారులు దానిని గౌరవిస్తారు. అయితే ఆ శాసనం చెప్పే మరొక విషయం మనకు ముఖ్యం. జినవల్లభుడు అక్కడ జినాలయంతో పాటు కవితాగుణార్ణవం అనే చెరువును, మదనవిలాసం అనే తోటను ఏర్పాటు చేశాడు. అతడు జైనుడు. మతం ఏదైనా ఈ నేల మీద ఆలయం అంటే చెరువు, తోట కలిసి ఉన్నదే.

కాకతీయులు ఇదే బాటను విస్తరించారు. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువును చేరే విధంగా గొలుసుకట్టు చెరువులు వెలిశాయి. సప్త సంతానాలలో తటాకానికి, వనానికి స్థానం లభించింది. పుత్రుని వలెనే చెరువు కూడా సంతానమే. కన్న బిడ్డను పెంచకుండా వదిలివేసేవారిని లోకం మెచ్చదు కదా!

చెరువు గట్టున ఏ చెట్లు ఉండాలో కూడా శాస్త్రం నిర్ణయించింది. ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భ జలాన్ని గురించి ఒక అధ్యాయం, వృక్షాయుర్వేదాన్ని గురించి మరొక అధ్యాయం రచించాడు. మద్ది, మర్రి, మామిడి, నేరేడు, కడిమి, తాటి, ఇప్ప, పొగడ వంటి చెట్లను జలాశయ తీరాలకు ఆయన సూచించాడు. వీటి వేళ్ళు కట్ట మట్టిని పట్టి ఉంచుతాయి, నీడ నీటిని చల్లగా ఉంచుతుంది, పండ్లు పక్షులను పిలుస్తాయి.

అరుణ ప్రశ్న విధించిన నియమం

తైత్తిరీయ ఆరణ్యకంలోని తొలి ప్రశ్నను మనం అరుణం అని పారాయణ చేస్తాం. నీటిలో మలమూత్ర విసర్జన చేయరాదనీ, ఉమ్మివేయరాదనీ అందులో స్పష్టమైన వ్రతనియమం ఉన్నది. ఉమ్మివేయడమే అపచారమైన నీటిలో రంగులు, రసాయనాలు, ప్లాస్టిక్ సంచులు కలపడం ఏమవుతుంది?

వినాయక చవితి పూజకు చెప్పినది మృణ్మయ విగ్రహం. మట్టి నుంచి వచ్చిన మూర్తి మట్టిలోనే కలవాలన్నది నిమజ్జనంలోని అంతరార్థం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం ఆ విధంగా త్వరగా కరగదు. దాని మీది రసాయనిక రంగులు నీటిలో చేరి చేపలకు, ఆ నీరు త్రాగే పశువులకు హాని చేస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనంపై మార్గదర్శకాలు ఇచ్చి, 2020లో వాటిని సవరించి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దన్నది. శాస్త్రం, చట్టం ఒకే మాట చెప్పుతున్నప్పుడు భక్తునికి సందేహం ఎందుకు? జగిత్యాల చింతకుంట చెరువైనా, సిరిసిల్ల మానేరైనా, ధర్మపురి గోదావరి అయినా మన పండుగ తరువాత మునుపటి వలెనే ఉండాలి. విగ్రహం ఎత్తు పెంచడంలో పోటీ పడే యువజన సంఘాలు, నిమజ్జనం మరునాడు ఒడ్డును శుభ్రం చేయడంలో పోటీ పడితే స్వామి మరింత సంతోషిస్తాడు. పుష్కర స్నానం చేసేవారికీ ఇదే నియమం. 2015 తరువాత గోదావరికి పుష్కరాలు వచ్చేది 2027లో. నదిలో పాత వస్త్రాలు వదలడం స్నానవిధిలో భాగం కాదు.

ఇరవై ఒక్క పత్రాల పరీక్ష

చవితి నాడు స్వామిని ఏకవింశతి పత్రాలతో పూజిస్తాం. మాచి, మారేడు, గరిక, ఉత్తరేణి, వావిలి, విష్ణుక్రాంతం, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు మొదలైనవి ఆ జాబితాలో ఉన్నాయి. దానిని కేవలం పూజాసామగ్రి పట్టికగా చూడకండి. అది గట్టును, పొలాన్ని, అడవిని, పెరటిని కలిపి రాసిన చిట్టా. మీ ఊరి పొలిమేరలో ఆ పత్రాలలో ఎన్ని దొరుకుతున్నాయో ఈసారి లెక్కించండి. అంగడిలో కట్ట కట్టి అమ్మే ఆకులలో అసలైనవి ఎన్నో పిల్లలతో కలిసి గుర్తించండి. కనిపించని పత్రం మన ఊరు పోగొట్టుకున్న సంపద.

ఈ లెక్కకు చట్టంలోనూ చోటున్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరిలోని మొక్కలు, జీవాలు, వాటిని గురించి పెద్దలకున్న జ్ఞానం ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు కావాలి. మూలికలు తెలిసిన వృద్ధులు, చేపలను ఎరిగిన ముదిరాజులు, గొర్రెలతో గుట్టలెక్కే కురుమలు, గొల్లలు చెప్పనిదే ఆ రిజిస్టరు నిండదు. పంచాయతీకి వెళ్ళి దానిని గురించి అడగడం, తెలిసినది చెప్పి రాయించడం కూడా పూర్తమే.

దసరా నాటి జమ్మిని తలచుకుందాం. ఆకును బంగారమని పంచి పెద్దల దీవెనలు తీసుకుంటాం. కానీ ఒక్క సాయంత్రంలో కొమ్మలన్నీ విరిస్తే చెట్టుకు మిగిలేదేమిటి? జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం. 2021లో ఊరూరా, గుడిగుడికీ జమ్మి చెట్టు నాటాలని రాష్ట్రంలో ఒక కార్యక్రమం మొదలైంది. నాటిన చోట నీరు పోసేవారు, లేని చోట నాటేవారు కావాలి. ఆకు కోయండి, కొమ్మ విరవకండి. అలాగే పాలపిట్టను పంజరంలో పెట్టి చూపేవారిని ప్రోత్సహించరాదు. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి విరుద్ధం. స్వేచ్ఛగా ఎగిరే పిట్టను చూడడమే శుభశకునం.

కలిసి చేస్తే కాని పని లేదు

2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ఆ ఒండ్రుమట్టిని ట్రాక్టర్లతో తమ పొలాలకు తోలుకున్నారు. చెరువుకు లోతు, చేనుకు సత్తువ కలిసి వచ్చాయి. నీటి వనరుల పనులతో రాజన్న సిరిసిల్ల జిల్లాలో భూగర్భ జలాలు పైకి వచ్చిన తీరు 2020లో దేశం దృష్టిని ఆకర్షించింది. అయితే ఒకసారి తీసిన పూడిక శాశ్వతం కాదు. వర్షం నీటితో మట్టి మళ్ళీ వస్తుంది, తూము మూసుకుపోతుంది, కాలువలో చెత్త చేరుతుంది. ఏటా తొలకరికి ముందు ఊరివారు ఒక్కరోజు శ్రమదానం చేస్తే ఆ ఫలితం నిలుస్తుంది.

కోరుట్లలో ప్రాచీనమైన మెట్లబావి ఉన్నది. శాస్త్రం 'వాపి' అన్నది దీనినే. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావిని స్వచ్ఛంద కార్యకర్తలు, అధికారులు కలిసి బాగుచేయగా 2022 డిసెంబరులో అది మళ్ళీ ప్రజల ముందుకు వచ్చింది. నగరం చేయగలిగినది మన పట్టణాలు చేయలేవా?

మొక్కల విషయంలో 2018 పంచాయతీరాజ్ చట్టం, నాటినవాటిలో 85 శాతమైనా బ్రతికించే బాధ్యతను పంచాయతీపై ఉంచింది. నాటే రోజున వందమంది కనిపిస్తారు, చైత్ర వైశాఖాల ఎండలో బిందెడు నీరు పోసేవాడే నిజమైన యజమాని. ఖమ్మం జిల్లా వనజీవి రామయ్య గారు మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అనే ఫలకం ధరించి, జేబునిండా విత్తనాలతో తిరిగి కోటికి పైగా మొక్కలు నాటారని పేరు పొందారు. 2017లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2025 ఏప్రిల్‌లో పరమపదించారు. సంపదతో, పదవితో పని లేకుండా పూర్త ధర్మం ఆచరించవచ్చని ఆ జీవితం నిరూపించింది.

ఆలయాలు కూడా ముందుకు రావాలి. నిర్మాల్యాన్ని కోనేటిలో వేయక ఎరువుగా మార్చవచ్చు. ప్రసాదంతో పాటు మారేడు మొక్కనో, జమ్మి మొక్కనో అందించవచ్చు. వ్రతసంకల్పంలో మనం దేశకాలాలను చెప్పుకుంటాం, ఏ నదుల నడుమ కూర్చున్నామో పలుకుతాం. పేరు పలికిన నదిని, నీరు తెచ్చిన చెరువును కాపాడినప్పుడే ఆ సంకల్పం సత్యమవుతుంది. ఈ వారం పూజ ముగిసిన తరువాత ఒక్క గంట మీ ఊరి గట్టుకు కేటాయించండి. ఇష్టం పూర్తమయ్యేది అక్కడే.