ఊరు అక్కడే ఎందుకు వెలిసింది?

బాలలూ! శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మీదుగా రైలులో వెళ్తుంటే కిటికీలోంచి చూడండి. పల్లంలో వరిచేలు, కాస్త మెరక మీద ఇళ్లు. ఈ ఏర్పాటు ఎవరిది?

నీటిది! ఊరికి నీరు దగ్గరగా ఉండాలి. ఇంట్లోకి మాత్రం రాకూడదు. వానాకాలంలో కొండనీరు గెడ్డల వెంట పల్లానికి దిగుతుంది. తనతో తెచ్చిన సన్నని ఒండ్రును అక్కడే వదులుతుంది. ఒండ్రు నేల తేమను పట్టి ఉంచుతుంది కనుక వరికి అనువు. మెరకన నీరు నిలవదు కనుక ఇంటి గోడలకూ, ధాన్యపు గాదెలకూ క్షేమం.

నీటి తరువాత దారి. ఇక్కడ పడమట తూర్పు కనుమలు, తూర్పున బంగాళాఖాతం. నడుమ ఇరుకైన మైదానం. అందుకే 19వ శతాబ్ది చివర వేసిన రైలుమార్గమూ, నేటి 16వ నంబరు జాతీయ రహదారీ ఈ మైదానం గుండానే సాగాయి. దారులు కలిసేచోట సంత, సంత చుట్టూ జనం! ఈ మండలంలోని నారాయణవలస పశువుల సంతకు పేరు. ఆ పేరులోని ‘వలస’ చూశారా? జనం వేరేచోటు నుంచి వచ్చి నిలిచిన ఊళ్లకు ఈ ప్రాంతంలో అలాంటి పేర్లు ఎక్కువ.

పూర్వులు విడిచిన పల్లంలో ఇప్పుడు ఇళ్లు కడితే? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వంశధార పొంగి పల్లపు ఊళ్లను ముంచింది. నీరు తన దారి మరవదు!

ఈసారి వాన వెలిశాక పెద్దవారితో కలిసి మీ ఊరు చుట్టిరండి. నీరు ఎటు పారింది, ఎక్కడ నిలిచింది? కాగితం మీద పటం గీయండి. కొత్త ఇల్లు ఎక్కడ కట్టకూడదో ఆ పటమే చెబుతుంది.