పన్ను లేని పొదుపులోకి పాత డబ్బు: మామిడి తోట ఉన్న ఇంటి లెక్క

నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి, ముసునూరు ప్రాంతాల్లో మామిడి తోటే ఆధారమైన కుటుంబానికి పెద్ద మొత్తం చేతికందేది ఏడాదికి ఒకసారే. ఎండాకాలంలో బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ అమ్ముడయ్యాక ఖర్చులు పోగా మిగిలినది బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయడం చాలామందికి అలవాటు. మామిడి ఆదాయానికి పన్ను లేదు కనుక ఆ డబ్బుపై వచ్చే వడ్డీకీ పన్ను ఉండదని అనుకుంటారు. అది నిజం కాదు. ఇప్పటికే దాచుకున్న డబ్బును పన్ను లేని ఖాతాలోకి ఎలా మార్చాలి, ఎవరు మార్చాలి, ఎవరు తొందరపడకూడదు అన్నది ఈ భాగంలో చూద్దాం.

పన్ను ఎక్కడ మొదలవుతుంది?

ఆదాయపు పన్ను చట్టం వ్యవసాయ ఆదాయాన్ని పన్ను నుంచి మినహాయించింది. సొంతదారు స్వయంగా తోట సాగుచేసి కాయ అమ్మినా, తోటను కౌలుకిచ్చినా వచ్చేది వ్యవసాయ ఆదాయమే. సాగుతో సంబంధం లేకుండా చెట్టు మీది కాపును కొని, కోసి అమ్ముకునే వ్యాపారికి వచ్చే లాభం మాత్రం వ్యాపార ఆదాయం. ఒకే చెట్టు, ఒకే కాయ. పన్ను లెక్క వేరు.

కాయ అమ్మిన డబ్బు బ్యాంకులో చేరాక దానిపై వడ్డీని ఇచ్చేది భూమి కాదు, డిపాజిట్. కాబట్టి ఆ వడ్డీ ‘ఇతర ఆదాయం’ కిందకు వస్తుంది. ఇక్కడ మరో మెలిక ఉంది. వ్యవసాయ ఆదాయం రూ. 5,000 దాటి, మిగతా ఆదాయం కూడా కనీస మినహాయింపు పరిమితిని దాటితే, పన్ను రేటు తేల్చేటప్పుడు వ్యవసాయ ఆదాయాన్ని కలిపి లెక్కిస్తారు. మామిడి ఆదాయంపై నేరుగా పన్ను పడదు గాని, జీతమూ డిపాజిట్ వడ్డీ పై శ్లాబులోకి వెళ్లే అవకాశం ఉంటుంది. ఇంట్లో ఒకరు ఉద్యోగం చేస్తూ తోట కూడా ఉన్న కుటుంబాలు ఈ సంగతి గమనించాలి.

పీపీఎఫ్ ఖాతా

మన దేశంలో సామాన్యుడికి అందుబాటులో ఉన్న పన్ను లేని పొదుపు ఖాతాల్లో ముఖ్యమైనది పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్. 1968లో చట్టంతో మొదలైంది. ఇప్పుడు 2019 పథకం నిబంధనల ప్రకారం నడుస్తోంది. పోస్టాఫీసులోనూ, అనుమతి ఉన్న బ్యాంకుల్లోనూ తెరవవచ్చు. ఏడాదికి కనీసం రూ. 500, గరిష్ఠంగా రూ. 1,50,000 వేయాలి. వడ్డీ రేటును కేంద్ర ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది; 2020 ఏప్రిల్ నుంచి 2025 చివరిదాకా అది 7.1 శాతమే. వేసిన డబ్బుకు పన్ను తగ్గింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. వడ్డీకి మినహాయింపు మాత్రం రెండు విధానాల్లోనూ ఉంది.

మామిడి రైతుకు ఇందులో నచ్చవలసిన గుణం మరొకటి ఉంది. తోట ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు వట్టిపోవచ్చు. నెలనెలా కట్టవలసిన రికరింగ్ డిపాజిట్ అలాంటి ఇంటికి కుదరదు. పీపీఎఫ్‌లో కాపు ఉన్న ఏడు లక్షన్నర వేసి, లేని ఏడు అయిదు వందలతో సరిపెట్టవచ్చు. అదీ మరచిపోతే, తప్పిన ఒక్కో ఏడాదికి రూ. 500తో పాటు రూ. 50 అపరాధ రుసుము కట్టి ఖాతాను పునరుద్ధరించుకోవచ్చు.

డబ్బు ఎలా మార్చాలి?

ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఉన్నదున్నట్టుగా పీపీఎఫ్‌గా మార్చే పద్ధతి లేదు. డిపాజిట్ గడువు తీరాక సొమ్ము పొదుపు ఖాతాలోకి వస్తుంది. అక్కడి నుంచి ఏటా పరిమితి మేరకు పీపీఎఫ్‌లో వేయాలి. గడువుకు ముందే డిపాజిట్‌ను రద్దు చేస్తే బ్యాంకు సాధారణంగా వడ్డీ తగ్గిస్తుంది. కొద్ది నెలల్లో గడువు తీరేదైతే ఆగడమే మేలు.

నూజివీడులో ఒక ఉపాధ్యాయురాలికి గడువు తీరిన డిపాజిట్ ఆరు లక్షలు ఉందనుకుందాం. ఆమె 2026 మార్చి 25న ఖాతా తెరిచి లక్షన్నర, ఏప్రిల్ 5లోపు మరో లక్షన్నర వేయవచ్చు. ఆర్థిక సంవత్సరం మారింది కనుక ఇది నిబంధనకు లోబడినదే. భర్త తన పేరున వేరే ఖాతా తెరిచి అలాగే చేస్తే ఆరు లక్షలూ రెండు వారాల్లో చేరిపోతాయి. ఉమ్మడి ఖాతాకు మాత్రం వీలు లేదు. పిల్లల పేరున తెరిచినా సంరక్షకుడి ఖాతాతో కలిపి పరిమితి లక్షన్నరే. మార్చిలో తెరవడంలో ఇంకో లాభం: పదిహేనేళ్లు ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి లెక్కిస్తారు. కాబట్టి ఆ ఖాతా 2041 మార్చి 31తో గడువు పూర్తి చేసుకుంటుంది. అదే ఏప్రిల్‌లో తెరిస్తే మరో ఏడాది ఆగాలి.

వడ్డీని ప్రతి నెలా 5వ తేదీ ముగింపు నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వపై లెక్కిస్తారు. కాయ డబ్బు లక్షన్నర జూన్ 4న వేస్తే మార్చి దాకా పది నెలల వడ్డీ, అంటే రూ. 8,875 వస్తుంది. జూన్ 6న వేస్తే తొమ్మిది నెలలకే, రూ. 7,987.50. రెండు రోజుల ఆలస్యానికి రూ. 887.50 పోతుంది.

ఎవరు తొందరపడకూడదు?

పన్ను పరిధిలోకే రాని రైతుకు 7 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌కూ 7.1 శాతం పీపీఎఫ్‌కూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇరవై శాతం పన్ను, దానిపై సెస్సు కట్టేవారికి అదే డిపాజిట్‌లో మిగిలేది సుమారు 5.5 శాతమే, వారికి తేడా పెద్దది.

పీపీఎఫ్‌లో వేసిన డబ్బు అవసరానికి వెంటనే చేతికి రాదు. ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్లు దాటితేనే కొంత భాగం తీసుకోగలం. ఆ లోపు, మొదటి ఏడాది తరువాత, పరిమితంగా అప్పు దొరుకుతుంది. తోట మాత్రం ఆగదు. చలికాలంలో పూత వచ్చే వేళ తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు మందు కొట్టాలి. ఆ ఖర్చుకు చేతిలో డబ్బు లేక నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే అది ఏడాదికి 24 శాతం. వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటే కాయ ధర బేరమాడే బలం కూడా పోతుంది. నా ఉద్దేశంలో కనీసం ఒక ఏడాది తోట ఖర్చు పొదుపు ఖాతాలో ఉంచి, చేబదుళ్లు తీర్చాకే పీపీఎఫ్ గురించి ఆలోచించాలి.

ఉన్న ఖాతాను వేరేచోటికి మార్చడం

పోస్టాఫీసులోని పీపీఎఫ్‌ను బ్యాంకుకు, బ్యాంకు నుంచి పోస్టాఫీసుకు మార్చుకోవచ్చు. ఇప్పుడు ఖాతా ఉన్నచోటే పాస్‌పుస్తకంతో దరఖాస్తు ఇవ్వాలి. ఆ కార్యాలయం ఖాతా నకలు, తెరిచినప్పటి దరఖాస్తు, నామినేషన్ పత్రం, నమూనా సంతకం, నిల్వకు చెక్కు లేదా డీడీ కొత్త కార్యాలయానికి పంపుతుంది. అక్కడ గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. ఖాతా పాతదిగానే కొనసాగుతుంది. గడిచిన ఏళ్లు పోవు. బ్రిటన్‌లో 1999లో వచ్చిన ఐసా పొదుపు ఖాతాలకూ ఇదే తరహా నియమం: బదిలీ పత్రం ద్వారా సంస్థ నుంచి సంస్థకు వెళ్లాలి గాని, ఖాతాదారు డబ్బు తీసి మళ్లీ వేస్తే అది ఆ ఏటి పరిమితిలోకి వస్తుంది.

పాతది ఉండగానే మరోచోట కొత్తది తెరవడం మాత్రం తప్పు. ఒకరికి ఒకే పీపీఎఫ్ ఖాతా. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న సూచనల ప్రకారం రెండో ఖాతా నిల్వను వార్షిక పరిమితి మేరకు మొదటిదానిలో కలుపుతారు. మిగిలినది వడ్డీ లేకుండా తిరిగి ఇస్తారు.

అభ్యాసం: ఒక రైతు 2014లో నూజివీడు పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతా తెరిచి ఏటా లక్ష రూపాయలు వేస్తున్నాడు. 2021లో విజయవాడకు మారి, పాత ఖాతా సంగతి చెప్పకుండా బ్యాంకులో మరొకటి తెరిచి దానిలోనూ ఏటా లక్ష వేస్తున్నాడు. ఒక్కో ఏడాది సొమ్ములో ఎంత భాగం మొదటి ఖాతాలో కలుస్తుంది, ఎంత వడ్డీ లేకుండా తిరిగి వస్తుంది? అతడు 2021లో ఏమి చేసి ఉండవలసింది?